ఇండ్ల నీటిగొట్టముల కారుదల – బాగుచేయు విధము – తగిన సామగ్రి

వీధిలోని ప్రధాన గొట్టము పగిలినచో ఆ సంగతి గడియలో కచేరీకి చేరును. ఇంటి గొట్టము కారినచో అది గృహస్థుని స్వంత వ్యవహారమని విడిచిపెట్టబడుచుండును. ప్రధాన గొట్టమునుండి చీలి యింటి కొళాయి వరకు పోవు సన్నని గొట్టము మురుగుకాలువ నంటియో, దాని క్రిందుగనో, ఒక్కొక్కచో కాలువలోనుండియే పోవుట మన పట్టణములలో సామాన్యము. కావున అట్టి గొట్టమునకు పడిన రంధ్రము ఒక్క యింటివారి నష్టముతో ముగియదు; ఆ వీధివారందరి ఆరోగ్యమునకును సంబంధించినదగును. పురపాలక సంఘముల అధికారులును, తాలూకా అధికారులును, తాలూకాలు మండలములుగ మారినచోట్ల మండలాధికారులును దీనిని తమ పనిగ నేల యెంచవలయునో, బాగుచేయించునపుడు ఏమేమి చూడవలయునో యిందు వివరింపబడుచున్నది.

గొట్టములో పీడన మున్నంతకాలము రంధ్రముగుండ నీరు వెలికి పోవునే కాని వెలుపలిది లోనికి రాజాలదు. అయితే మన పట్టణములలో పెక్కింట నీరు దినమునకు ఒకటి రెండు గంటలు మాత్రమే వదలబడుచున్నది. కొన్నింట దినము విడిచి దినము. నీరు కట్టివేసిన వెంటనే గొట్టములో మిగిలినది పల్లపు కొళాయిలగుండ జారిపోవును. మెరకభాగమున గొట్టము వట్టిదై, పీడనము వెలుపలి గాలికంటె తగ్గును. అప్పుడు రంధ్రముల చుట్టునున్న తడియు మురుగును లోనికి పీల్చబడును. మరునాడు నీరు వదలిన మొదటి నిమిషములలో రంగు మారి, వాసన వేయుచు వచ్చు నీటికి పెక్కుచోట్ల కారణ మిదియే. అదే గొట్టమునందు ఎడతెగక నీరున్నచో ఆ రంధ్రము వ్యర్థమునకే కారణమగును. గడియల లెక్కన నీరున్నచో రోగమునకు కారణమగును.

హుబ్బళ్ళి–ధారవాడ పట్టణములలో కొన్ని పేటలకు ఎడతెగని సరఫరాయు, తక్కినవానికి గడియల లెక్కన సరఫరాయు నున్నపుడు రెండువిధముల కొళాయిల నీటిని పరీక్షించిరి. 2013లో వెలువడిన ఆ పరిశోధన ననుసరించి, మలసంబంధమైన ఇ. కొలై సూక్ష్మజీవి మొదటివానియందు నూటికి ఒకటికంటె తక్కువ నమూనాలలోను, రెండవవానియందు నూటికి ముప్పదికి పైబడిన నమూనాలలోను కనబడినది. హైదరాబాదులోని భోలక్‌పూరునందు 2009 మే మాసమునను, గుంటూరు నగరమునందు 2018 మార్చి మాసమునను త్రాగునీటిలో మురుగు కలిసి వాంతిభేదులు ప్రబలి పలువురు మరణించిన సంగతి అధికారులు మరచియుండరు.

ఇక వ్యర్థమగు నీటి సంగతి. పది మీటర్ల నీటిమట్టపు పీడనమున ఒకటిన్నర మిల్లీమీటరు రంధ్రమునుండి గంటకు సుమారు 50 లీటర్లు పోవును. ఎడతెగని సరఫరాయైనచో దినమునకు 1,200 లీటర్లకు పైగా నగును. మనిషికి దినమునకు 135 లీటర్లు అను పట్టణపు ప్రమాణము ననుసరించి అది దాదాపు తొమ్మిదిమందికి చాలు నీరు. ఇట్టి రంధ్రములు పలుచోట్ల నుండుటచేతనే వీధి చివరి యిండ్లకు పీడనము చాలదు. పీడనము చాలనివారు తోచిన ఉపాయములను వెదకుదురు. అవి మూలకారణముకంటె నెక్కువ కీడు చేయును.

అందు మొదటిది కొళాయిగుంట. నేలమట్టమున నీరు రానందున గృహస్థుడు గొట్టమును కోసి, నేలలో గుంట త్రవ్వి, దాని యడుగున కొళాయి నమర్చుకొనును. కడిగిన పాత్రల నీరు, వాననీరు, ఒక్కొక్కప్పుడు కాలువనీరు ఆ గుంటలో నిలిచి కొళాయినోరు మునిగియుండును. నీరు కట్టినవెంటనే ఆ నీరంతయు గొట్టములోనికి పోవును. రెండవది గొట్టమునకే నేరుగా మోటారు తగిలించి పీల్చుట. ఇది పొరుగిండ్ల నీటిని లాగుకొనుటయే కాక, సరఫరా జరుగుచున్న సమయముననే గొట్టములో శూన్యమును కల్పించి, వీధిలోని ప్రతి రంధ్రమునుండి మురుగును లోనికి లాగును. ఈ రెంటికిని జుల్మానా వేయుట సులభము. కాని ఆ వీధిలోని కారుదలలను కట్టించి పీడనమును చక్కపరుపక జుల్మానామాత్రము వేసినచో గుంటలు పూడ్చిన వారమునకే మరల త్రవ్వబడును. మోటారు తప్పనిసరియైనచోట నీటిని మొదట ఇంటి సంపులోనికి పడనిచ్చి, అందుండి తోడుకొనవలయును. సంపులోనికి నీరు పడు గొట్టపునోరు నిండుమట్టమునకు పైన నుండవలయును గాని నీటిలో మునిగియుండరాదు.

కారుదలను కనుగొనుటకు గొప్ప సాధనము లక్కరలేదు. ఇంటిలోని కొళాయిలన్నియు కట్టి మీటరును చూచినచో, ముల్లు కదలుచున్నయెడల గొట్టము కారుచున్నదనుట నిశ్చయము. మీటరు లేనిచోట, నీరు వదలిన సమయమున వీధి సద్దుమణిగినపుడు ఇనుపకడ్డీ యొక కొనను స్టాపుకాక్‌పై నుంచి రెండవ కొనను చెవికి ఆనించి వినవలయును. ఎడతెగని సన్నని బుస వినబడును. ఎండకాలమున ఒకచోటనే పచ్చగడ్డి మొలచుట, ఎండియుండవలసిన కాలువలో నీరు వదలిన గంటలోనే తేటనీరు పారుట మొదలగునవి నడచిపోవుచు కనిపెట్టదగిన గురుతులు.

బాగుచేయుటలో మన పట్టణములం దంతటను కనబడు పద్ధతి సైకిలు ట్యూబును చీల్చి గొట్టమునకు చుట్టి తీగతో బిగించుట. నీరు వెలికి చిమ్ముట ఆగినందున పని ముగిసినదని గృహస్థుడును, పనివాడును తలంతురు. ఆ రబ్బరు లోపలి పీడనమునకు కొంత ఆగినను, లోపల శూన్య మేర్పడినపుడు వెలుపలి నీటిని అడ్డగింపజాలదు. మురుగుకాలువ దాపున నున్న గొట్టమునకు ఇట్టి కట్టు ఒక్క రాత్రికైనను తగదు. అచ్చట పాడైన భాగమును కోసివేసి క్రొత్త గొట్టము వేయుటయే మార్గము. కాలువకు దూరమైన చోట రబ్బరుపట్టీగల ఇనుపబిళ్ళ కట్టును మరలతో బిగించి, క్రొత్త గొట్టము దొరకువరకు నడుపుకొనవచ్చును.

సామగ్రి నెన్నుకొనునపుడు ఎచ్చట వాడబోవుదురో దానినిబట్టి నిర్ణయింపవలయును. ప్రధాన గొట్టమునుండి ఇంటి గడప వరకు, విశేషించి కాలువను దాటునపుడు, చుట్టగా వచ్చు పాలిథిలీను గొట్టము మేలని మా అభిప్రాయము. నడుమ అతుకు లేకుండ ఒక్కటే తునకగా వేయవచ్చును. అతుకు లేనిచోట కారుదలకు తావు తక్కువ. దానిని కాలువకు పైగా, ఇంకొక లావు గొట్టములో దూర్చి దాటించవలయును. జస్తుపూత ఇనుపగొట్టము గోడలపైన, ఎండ తగులుచోట గట్టిది. నేలలో, అందును చవిటినేలలో, త్రుప్పుపట్టును. ఈ గొట్టములపై పసుపుపట్టీ పలుచనిదానికిని, నీలిపట్టీ మధ్యమమునకును, ఎఱ్ఱపట్టీ మందమైనదానికిని గురుతు. నేలలో పూడ్చుటకు పసుపుపట్టీదానిని ఒప్పుకొనరాదు. పూడ్చుటకు ముందు గొట్టమంతటికిని తారు పూయవలయును. మర కోసినచోట జస్తు తొలగిపోవును గావున త్రుప్పు మొట్టమొదట అచ్చటనే ప్రారంభించును. మర అక్కరకు మించి పొడవుగ కోయరాదు.

మరలకు పూర్వము సనపునారయు సఫేదాయు వాడుచుండిరి. సఫేదా సీసపు పదార్థ మగుటచే త్రాగునీటి గొట్టమునకు పనికిరాదు. దానికి మారుగా తెల్లటేపును మర తిరుగు దిక్కుననే చుట్టి బిగించిన చాలును. ఎదురుదిక్కున చుట్టినది బిగించునపుడు ఊడివచ్చును.

ప్లాస్టికు గొట్టములయందు పనివారు చేయు పెద్దతప్పు గొట్టపుకొనను మంటపై కాచి వెడల్పుచేసి రెండవదాని పైకి తొడుగుట. అచ్చట గొట్టము పలుచనై కొన్ని మాసములలోనే చీలును. సాకెట్టు ధర స్వల్పము, దానినే వాడవలయును. గొట్టమును సరిగా అడ్డముగ కోసి, అంచు నునుపుచేసి, తడియారునట్లు తుడిచి, జిగురును పలుచగ పూసి, దూర్చునపుడు పావువంతు త్రిప్పి కొంతసేపు కదలక పట్టుకొనవలయును. డబ్బాపై వ్రాసిన కాలము గడువక నీరు వదలరాదు. ఇనుపమరను వట్టి ప్లాస్టికు సాకెట్టులోనికి బిగించినచో అది పగులును. లోపల ఇత్తడి తొడుగుగల సాకెట్టు నడుగవలయును. వేడినీటికి సాధారణపు ప్లాస్టికు గొట్టము తగదు.

కొళాయి బొట్టుబొట్టుగ కారునపుడు గట్టిగ బిగించుట వలన లోపలి పీఠము అరిగి, తరువాత వాషరు మార్చినను నీరు నిలువదు. మొదటి దినముననే వాషరు మార్చవలయును. ఇత్తడి కొళాయి చేతికి బరువుగ తోచును. తేలికయై తళతళలాడునది తరచుగ తక్కువరకపు మిశ్రలోహమునకు మెరుగుపూత వేసినది.

మరమ్మతు ముగియుటతోనే పని తీరలేదు. త్రవ్విన గుంటలోని నీటిని ముందుగ తోడివేసి, గొట్టము కోసినకొనలు ఆ నీటిలో మునుగకుండ చూడవలయును. అమర్చబోవు తునకల లోపలిభాగమును లీటరునీటికి 30 గ్రాముల క్రొత్త బ్లీచింగుపొడి కలిపిన నీటితో తుడువవలయును. తరువాత కొళాయి తెరచి మొదటినీటిని పారబోయించి, క్లోరిను పరీక్ష చేయవలయును. కొళాయివద్ద లీటరునకు 0.2 మిల్లీగ్రాములకు తక్కువ కాకుండ క్లోరిను మిగిలియుండవలయును. అంతకంటె తగ్గినచో ఆ వీధిలో ఇంకొక కారుదల యున్నదని భావించి, ప్రక్కయింటి గొట్టమునుండి వెదకుట ప్రారంభింపవలయును. అంతవరకు ఆ వీధివారిని నీరు కాచి త్రాగుడని దండోరా వేయింపవలయును.