జాతర బండిలో సద్ది మూట ఏదీ?

రేగొండ: మేడారం జాతరకు ఎడ్లబండ్లు కట్టిన రోజుల్లో బండిలో మొదట ఎక్కేది సద్ది మూట. ఎన్ని రాత్రులు దారిలో గడుస్తాయో లెక్క వేసి మరీ ఇంటి ఆడవాళ్లు పిండి తడిపేవారు. ఇప్పుడు బస్సులు, ఆటోలు, కార్లు వచ్చి ప్రయాణం గంటల్లోకి దిగింది. ఆ తొందరలో సద్ది మూట ఇంటి వద్దే ఆగిపోయింది. దాని స్థానంలో బస్టాండు కొట్టు ముందు వేలాడే రంగురంగుల పొట్లాలు పిల్లల చేతికి వస్తున్నాయి.

పరకాల నుంచి భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం పోయే బాట మీదనే రేగొండ వున్నది కనుక ఇక్కడి వారికి ప్రయాణాలు కొత్త కాదు. 2025 మే 15 నుంచి 26 వరకు కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి, అదీ నడి ఎండల్లో. మండలంలోని కొడవటంచ లక్ష్మీనరసింహస్వామి జాతర ఫాల్గుణంలో వస్తుంది. మేడారం మాఘ పౌర్ణమిని బట్టి వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21న మొదలైతే, 2026లో జనవరి 28కే వచ్చేసింది. జాతర ముందుగా వచ్చిన ఏడు సంక్రాంతి సకినాలే దారికీ సరిపోతాయి. ఆలస్యమైతే డబ్బా ఖాళీ!

మళ్లీ సకినాలు పోయాలంటే మాటలా? బియ్యం నానబెట్టాలి, తడిపిండి పట్టించాలి, నువ్వులు, వాము కలిపి బట్ట మీద చుట్టాలి, ఆరాక కాల్చాలి. నలుగురు చేతులు కలిస్తే గాని తెమలదు. అవి మిరప ఏరే రోజులు కూడాను. పొద్దున చేనుకు పోయి చీకటి పడి వచ్చే మనిషిని సకినాలు పోయమనడం న్యాయం కాదు. అయితే మూకుడు పెట్టకుండా తయారయ్యే దారి తిండి మన ఇళ్లలో ఎప్పటి నుంచో వున్నది.

నువ్వుల ముద్దలే తీసుకోండి. రెండు గ్లాసుల నువ్వులు సన్న మంట మీద చిటపటమనే దాకా వేయించి, పూర్తిగా చల్లారనిచ్చి, గ్లాసున్నర తురిమిన బెల్లంతో రోట్లో దంచితే నువ్వుల నూనె తానే పైకి వచ్చి ముద్ద కడుతుంది. పాకం అక్కర లేదు, నెయ్యి అక్కర లేదు. తడి తగలని డబ్బాలో పెడితే వారం రోజులు భయం లేదు. చల్లారకుండా దంచి మూత పెడితే మాత్రం లోపల చెమ్మ పట్టి చెడుతుంది. మేడారంలో బెల్లాన్ని బంగారమంటారు. దారిలో ఆకలి వేసినప్పుడు ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది.

సద్దుల బతుకమ్మకు చేసే సత్తుపిండి కూడా ఇటువంటిదే. మక్కలు గాని, పెసర్లు గాని దోరగా వేయించి విసిరి, బెల్లం కలిపి పొడిగా పట్టుకుపోవచ్చు. తినేటప్పుడు కాస్త మంచినీళ్లో పాలో పోసి ముద్ద చేస్తే చాలు. పల్లీలు, పుట్నాలు, అటుకులు వేయించి ఉప్పు, పసుపు, కరివేపాకు తగిలించడం పావుగంట పని. ఇది ఇంట్లో మగవారైనా చేయగలరు. నూరు గ్రాముల పల్లీలలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు వుంటాయి. అయితే నాలుగేళ్ల లోపు పిల్లలకు పల్లీలు గింజలుగా ఇవ్వరాదు, గొంతుకు అడ్డం పడుతుంది; పొడి చేసి ఇవ్వాలి. చక్కెర వ్యాధి వున్న పెద్దలకు బెల్లమూ చక్కెర వంటిదే. వారి మూటలో పుట్నాలు వేరుగా కట్టాలి.

నూనె వంటకం కావలసిందే అంటే కాల్చిన నూనెనే పండుగ నుంచి జాతర దాకా దాచి వాడటం మంచిది కాదు. పదే పదే మరిగి పాడైన నూనె అమ్మకపు వంటల్లో వాడరాదని 2018 జూలై 1 నుంచి దేశంలో నిబంధన వున్నది. ఇంట్లో పరీక్ష యంత్రం వుండదు గనుక కన్నే యంత్రం: నల్లబడినా, చిక్కబడినా, నురగ కట్టినా పారబోయాలి. నూనె తక్కువ కావాలంటే సర్వపిండి వున్నది. గిన్నెకు అద్ది, మూత పెట్టి, మగ్గబెట్టేదే గదా! కాని దానిలో తడి వుంటుంది, ఆ పూటకే తినాలి.

అసలు తేడా అంతా ఈ తడిలోనే వున్నది. పెరుగన్నం, ఉడికించిన గుడాలు, కొబ్బరి చట్నీ మే నెల ఎండలో బస్సు పైన పెడితే మధ్యాహ్నానికే పులుస్తాయి. వండిన తిండిని బయట రెండు గంటలకు మించి వుంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చింతపండు పులుపు వలన పులిహోర కాస్త ఆగుతుంది, ఉల్లిగడ్డ వేస్తే అదీ ఆగదు. కనుక తడి తిండి బయలుదేరిన పూటే ముగించి, తర్వాతి పూటలకు పొడి తిండి విప్పాలి.

జాతరలో పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే పండుగ అంతటితో సరి. డాక్టరు వద్దకు చేర్చే లోపల, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెం తాగించాలి. చెంచాలు చిన్నవి, తలకొట్టినవి కావాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

ఇక మూట కట్టే సంగతి. మూత బిగువైన స్టీలు డబ్బా వుంటే అంతకన్న కావలసింది లేదు. తినడానికి మోదుగాకు విస్తర్లు చాలు. సకినాలైనా, ముద్దలైనా పాత వార్తాపత్రికలో మాత్రం చుట్టవద్దు, సిరా తిండికి అంటుతుంది. ఈ పత్రికకూ అదే వర్తిస్తుంది.