ఆచార్యపీఠముపై అక్షరాభ్యాసము

1871వ సంవత్సరమున, అప్పటి రష్యా రాజధానియైన సెయింట్ పీటర్స్‌బర్గు నగరములోని సంగీత కళాశాలవారు, నౌకాదళమున ఉద్యోగము చేయుచు తీరికవేళల సంగీతరచన సాగించుచుండిన ఇరువదియేడేండ్ల యువకుని పిలిచి ఆచార్యపదవి నొసగిరి. ఆ యువకుడు నికొలాయ్ రిమ్‌స్కీ-కోర్సకోవ్. వాద్యబృందమునకై ఆయన కూర్చిన రచనలు అప్పటికే ప్రసిద్ధి కెక్కినవి. అయినను, ఒక సామాన్యమైన ప్రార్థనాగీతమునకు శాస్త్రసమ్మతముగా హార్మొనీ కూర్చుట ఆనాటికి తనకు చేతకాదనియు, స్వరసంహతుల పేర్లైనను సరిగా ఎరుగననియు, ఆయనయే తన ఆత్మకథలో దాపరికము లేక ఒప్పుకొనినాడు. ఒప్పుకొనిన పదవిని విడువక, పాఠ్యగ్రంథములను ముందుంచుకొని, శిష్యులకంటె నొక్క పాఠము ముందుగా తాను చదువుకొనుచు, ఆచార్యపీఠముపైననే ఆయన అక్షరాభ్యాసము ఆరంభించెను.

ఈ హార్మొనీ యనగా నేమి? మన సంగీతము రాగప్రధానము. స్వరము వెనుక స్వరము, గమకములతో నూగుచు, తంబురా శ్రుతి నాధారము చేసికొని సాగును. ఐరోపా సంగీతమునందు పలుస్వరములు ఏకకాలమున ఒక సంహతిగా పలుకును. అట్లు పలుకు స్వరములు ఒకదానితో నొకటి ఎట్లు పొసగవలెనో, ఒక సంహతినుండి మరియొక సంహతికి ఎట్లు కదలవలెనో విచారించు శాస్త్రమే హార్మొనీ.

ఇంట హార్మోనియము గలవారికి ఇది చేతికందు విషయమే. శంకరాభరణపు మెట్లపై స, గ, ప మూడింటిని ఒక్కసారిగా నొక్కుడు. వాక్యము ముగిసిన నిండుదనము తోచును. పిదప ప, ని, పైస్థాయి రి కలిపి నొక్కి ఆగుడు. ‘రాముడు వచ్చి’ అని అసమాపకక్రియతో నిలిచిపోయిన మాటవలె అది చెవిని వేచియుండజేయును. అందలి నిషాదము పైషడ్జమమును చేరినగాని ఆ నిరీక్షణ తీరదు. మ, ద, స కలయిక ఆ రెంటికిని నడుమ వాక్యమును ముందునకు నడుపును. ఈ మూడింటిని ఐరోపావారు టానిక్, డామినెంట్, సబ్‌డామినెంట్ అని వ్యవహరింతురు. ఇవి తెలిసినవారు ఎన్నియో సులభగీతములకు తోడు వాయింపగలరు.

ఈ అనుభవమును శాస్త్రముగా మలచినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సుదేశీయుడైన రామో. సగప, గపస, పసగ యని స్వరముల వరుస మారినను మూలము షడ్జమమే యనియు, అవి మూడును ఒకే సంహతికి రూపాంతరము లనియు 1722లో పారిస్‌లో వెలువడిన గ్రంథమున ఆయన నిరూపించెను. మూడేండ్లకు వియన్నాలో ఫుక్స్ అను ఆచార్యుడు, అనేక గళముల నొకదానితో నొకటి నడపించు కౌంటర్‌పాయింట్ విద్యను, మన ప్రాచీన గ్రంథములకువలె గురుశిష్య సంవాదరూపమున, లాటిన్ భాషలో వ్రాసెను. బాల్యమున పాడిన దేవాలయ గాయకబృందమునుండి వెలుపడి దారిద్ర్యమున దినములు గడపిన సంగీతకర్త హైడన్, గురుముఖము లేకయే ఆ గ్రంథమును అభ్యసించెను.

ఇట్టి గ్రంథములు తెరచిన విద్యార్థికి తొలుత ఎదురగునవి నిషేధములు. సోప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అను నాలుగు గళములకు స్వరములు వ్రాయునపుడు, ఒక గళము స, మరియొకటి దానిపై ప పలుకుచుండగా, ఆ రెండును కలసికట్టుగా రి, ద లకు జరుగరాదని పుస్తకము శాసించును. కారణ మెరుగక కంఠస్థము చేసినవానికి ఇది అర్థములేని ఆంక్ష. కాని తంబురాలో పంచమము షడ్జమమున లీనమగుట విన్న మనకు ఇందలి మర్మము సులభగ్రాహ్యము: అంతగా కలసిపోవు రెండు స్వరములు జోడుగా నడచినచో, రెండు గళము లొక్కటియై, నలుగురు పాడుచోట మువ్వురే వినబడుదురు. నాలుగు గళములకును నాలుగు స్వతంత్రమైన నడకలుండవలెననునదే ఆ నిషేధపు హృదయము. కనుకనే లెక్కను కంటితో సరిచూచుటకంటె, వ్రాసిన నాలుగు వరుసలను ఒక్కొక్కదానిని గొంతెత్తి పాడి చూచుట శ్రేష్ఠమైన పరీక్ష. పాడ విసుగు పుట్టించు వరుసయందు దోషము తరచుగా దాగియుండును.

రిమ్‌స్కీ-కోర్సకోవ్ మిత్రులలో కొందరికి పాఠశాలల చదువు ప్రతిభను హరించునని గాఢమైన నమ్మకము. ఆయన మాత్రము 1875వ సంవత్సరపు వేసవిలో ఒకే వరుసను గళములు ఒకదాని వెనుక నొకటి అందుకొను ఫ్యూగులను పదులకొలది అభ్యాసమునకై వ్రాసెను. ఆ శ్రమ ఆయన ప్రతిభను ఎండగట్టలేదనుటకు 1888లో కూర్చిన ‘షెహెరజాద్’ అను వాద్యబృందరచనయే సాక్ష్యము. పిదప స్ట్రావిన్‌స్కీ వంటి సంగీతకర్తలకు ఆయన గురువాయెను.

మాస్కోలో బోధించుచుండిన సంగీతకర్త చైకోవ్‌స్కీ 1871లో ఒక హార్మొనీ గ్రంథమును రచించెను. తరువాతి దశాబ్దమున రిమ్‌స్కీ-కోర్సకోవ్ కూడ మరియొకటి రచించెను. రెండింటి పేర్లలోను ‘ఆచరణ’ యను భావము గల విశేషణ మున్నది. ఏ పుస్తకము చేపట్టినను మొదట పనిరి నొక్కి, వేళ్లు తీయక, నిషాదము ఎటు పోవగోరుచున్నదో విని తెలిసికొనినవానికి, ఆ మీదట చదువు సూత్రము తానెరిగిన విషయమునకే మరొకరు పేరు పెట్టినట్లు తోచును.