కజుషి సకురబ
కజుషి సకురబ జపాను దేశానికి చెందిన మిశ్రమ యుద్ధకళల యోధుడు. కుస్తీ, జూడో, బాక్సింగు మొదలగు విద్యలన్నీ కలిసిన పోటీ ఇది. ఇతడు 1969 జూలై 14న అకిత ప్రాంతంలో జన్మించాడు. మొదట వినోదానికై ప్రదర్శించే వృత్తి కుస్తీలో ఉండేవాడు. గెలుపోటములు ముందే నిర్ణయమయ్యే ఆ రంగం నుండి వచ్చి నిజమైన పోటీలలో నెగ్గడం విశేషమే.

ఆ రోజులలో బ్రెజిల్‌కు చెందిన గ్రేసీ కుటుంబానికి జుజుట్సు విద్యలో ఎదురులేదని ప్రతీతి. సకురబ 1999లో రాయ్లర్ గ్రేసీని ఓడించాడు. 2000 మే 1న టోక్యో డోములో రాయిస్ గ్రేసీతో తలపడ్డాడు. గ్రేసీల కోరికపై ఈ పోటీకి కాలపరిమితి తొలగించారు. 15 నిమిషాల చొప్పున ఆరు రౌండ్లు, అనగా గంటన్నర సాగిన తరువాత రాయిస్ పక్షంవారు తువ్వాలు విసిరి ఓటమిని అంగీకరించారు. టోర్నమెంటు నియమం ప్రకారం సకురబ అదే రాత్రి తనకన్న ఎంతో బరువైన ఉక్రెయిన్ యోధుడు ఇగోర్ వోవ్‌చాంచిన్‌ను ఎదుర్కొని, మరొక 15 నిమిషాలు పోరాడిన పిదప విరమించుకున్నాడు.

అదే ఏడాది ఆగస్టులో రెంజో గ్రేసీని 'కిముర' పట్టుతో ఓడించాడు. చేతిని వీపు వెనుకకు మెలిపెట్టే ఈ పట్టుకు, 1951లో రాయిస్ తండ్రి హేలియోను దానితోనే జయించిన జూడో వీరుడు మసహికో కిముర పేరు పెట్టారు.

తనకన్న భారీ ప్రత్యర్థులతో తరచుగా పోరాడడం ఇతని శరీరాన్ని కుంగదీసిందనే చెప్పాలి. 2001-2003 మధ్య వాండర్లే సిల్వా చేతిలో మూడుసార్లు ఓడిపోయాడు. 2007లో రాయిస్ తిరిగి నెగ్గాడు గాని, పోటీ తరువాతి పరీక్షలో అతడు నిషిద్ధ ఉత్ప్రేరకం వాడినట్లు తేలింది. 2017లో యు.ఎఫ్.సి. సంస్థ సకురబను తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నది.