సూదిమందూ, గొట్టం బిళ్ళా

మా అక్కయ్యకు నడుం నొప్పి మొదలైన కొత్తలో ఎవరికి తోచిన వైద్యం వారు చెప్పారు. బావగారు కర్పూరతైలం అన్నారు. మేనకోడలు వేడినీళ్ళ కాపడం అంది. నేనైతే, అన్నీ తెలిసినవాడిలాగా, "అరవై దాటాక నడుం నొప్పి రాకపోతేనే ఆశ్చర్యం" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ ధీమాతో ఆరు నెలలు గడిచిపోయాయి. చివరకు రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ బాగా తక్కువ, క్రియాటినిన్ ఎక్కువ. ఫోటో తీస్తే వెన్నెముకలో పురుగు తొలిచినట్టు బెజ్జాలు. జబ్బు పేరు మల్టిపుల్ మైలోమా అన్నారు.

ఎముకల లోపలి మూలుగలో ప్లాస్మా కణాలని వుంటాయి. రోగాలతో పోరాడే ప్రతిరక్షకాలను తయారుచేయడం వాటి ఉద్యోగం. వాటిలో ఒకటి దారితప్పి, తనలాంటివాటినే వేలకు వేలు పుట్టించుకుంటుంది. అవన్నీ కలిసి ఎందుకూ కొరగాని ఒకే రకం ప్రోటీనును తయారుచేస్తూ కూర్చుంటాయి. ఎముక గుల్లబారుతుంది, రక్తం పలచబడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అంటే ఇది ఎముక జబ్బులాగా కనిపించే రక్తపు కాన్సరన్నమాట.

దీనికి రెండు పెద్ద మందులున్నాయని విన్నాం. ఒకటి బోర్టెజోమిబ్. వారానికొకసారి పొట్టమీద చర్మం కింద పొడిచే సూదిమందు. రెండోది లెనాలిడోమైడ్. నోట వేసుకునే గొట్టం బిళ్ళ. తెనాలి నుంచి గుంటూరు వెళ్ళాలంటే బస్సులో అక్కయ్య నడుం ఏమవుతుందోనని బావగారి బెంగ. "డాక్టరుగారూ, బిళ్ళతో పోయేదానికి సూదెందుకండీ?" అని అడిగేశారు.

డాక్టరుగారు విసుక్కోలేదు. లెనాలిడోమైడ్ చాలావరకు మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. అవి సరిగా లేనప్పుడు మామూలు మోతాదు ఇస్తే మందు ఒంట్లో నిలిచిపోతుంది. బోర్టెజోమిబ్‌కు ఆ చిక్కు లేదు. "ముందు సూదితో కిడ్నీలను కాస్త తేరుకోనిద్దాం. బిళ్ళ తర్వాత కలుపుదాం" అన్నారు. "మందును బట్టి కాదండీ, మనిషిని బట్టి" అని కూడా అన్నారు.

సూదిమందు పనిచేసే తీరు నాకు భలే నచ్చింది. ప్రతి కణంలోనూ పాడైన ప్రోటీన్లను నలిపి పారేసే యంత్రం వుంటుంది. దాన్ని ప్రోటియజోమ్ అంటారు. బోర్టెజోమిబ్‌లోని బోరాన్ పరమాణువు వెళ్ళి ఆ యంత్రానికి అడ్డుపడుతుంది. మైలోమా కణం రాత్రింబగళ్ళు ప్రోటీను వండే వంటశాల కదా! చెత్త బయటికి పోకపోయేసరికి ఆ చెత్తలోనే మునిగి చస్తుంది. అమెరికాలో ఈ మందుకు 2003లో అనుమతి దొరికింది.

బిళ్ళ పుట్టుక వేరు. అది థాలిడోమైడ్ అనే మందుకు దగ్గర చుట్టం. థాలిడోమైడ్ 1957లో జర్మనీలో నిద్రమందుగా అమ్మకానికి వచ్చింది. గర్భిణీలు వేవిళ్ళకు కూడా వాడారు. కాళ్ళూ చేతులూ సరిగా ఎదగని పసిపిల్లలు పదివేలమందికి పైగా పుట్టారు. 1961లో దాన్ని అక్కడ అమ్మకం నుంచి తీసేశారు. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి, రుజువులు చాలవని పట్టుబట్టి, దాన్ని దేశంలోకి రానివ్వలేదు. అలాంటి మందే మైలోమా మీద పనిచేస్తుందని 1999లో బయటపడింది. దాని అణువును కాస్త మార్చి చేసిన లెనాలిడోమైడ్‌కు 2006లో ఈ జబ్బుకు అనుమతి ఇచ్చారు. ఇది సెరెబ్లాన్ అనే ప్రోటీనును పట్టుకుని, మైలోమా కణానికి ప్రాణాధారమైన ఇకారోస్, అయోలోస్ అనే రెండు ప్రోటీన్లను ఆ చెత్తయంత్రంలోకే తోయిస్తుంది.

ఇది విని అక్కయ్య ఒక ప్రశ్న వేసింది. "ఒకటేమో చెత్తయంత్రాన్ని ఆపుతుంది, రెండోదేమో దాంట్లోకి తోస్తుంది. రెండూ కలిపి ఇస్తే పొసుగుతాయిట్రా?" నేను తెల్లబోయాను. నిజానికి పొసుగుతున్నాయి. వెంటనే మూలకణ మార్పిడికి వెళ్ళని రోగుల మీద జరిపిన ఒక పెద్ద పరిశీలన 2017లో అచ్చయింది. బిళ్ళా, డెక్సామెథసోనూ ఇచ్చినవారిలో జబ్బు సుమారు 30 నెలలు అదుపులో వుంటే, సూదిమందు కూడా చేర్చినవారిలో 43 నెలలు వుంది.

ఆ డెక్సామెథసోన్ సంగతి చెప్పకపోతే దానికి కోపం రాగలదు. వేసుకున్న రాత్రి అక్కయ్యకు నిద్రపట్టదు. రెండుగంటలకు లేచి ఇత్తడి సామాను తోముతుంది.

సూదిమందు మొదలైన మూడో నెలలో అక్కయ్య ముగ్గు వేయడం మానేసింది. నీరసమనుకున్నాం. ఓనాడు జాకెట్టు గుండీ పెట్టుకోలేక నిలబడి వుంటే మేనకోడలు చూసింది. అరికాళ్ళు మొద్దుబారి, వేళ్ళు చిమచిమలాడుతున్నాయట! "చెబితే మందాపేస్తారని చెప్పలేదు" అంది అక్కయ్య. డాక్టరుగారికి మొదటిసారి కోపం వచ్చింది. నరాల తిమ్మిరి ఈ మందుకు తెలిసిన దోషమే. వెంటనే చెబితే మోతాదు తగ్గించి కాపాడవచ్చు, ముదిరితే ఆ తిమ్మిరి అలాగే వుండిపోవచ్చు. మోతాదు తగ్గించారు. విసర్పి రాకుండా ఎసైక్లోవిర్ మాత్రం అలాగే సాగింది. మా మేనల్లుడు ప్రేమతో తెచ్చిన గ్రీన్ టీ పొట్లాలు మాన్పించారు. అందులోని పదార్థమొకటి బోరాన్‌ను పట్టుకుని మందును వమ్ము చేస్తుందని ప్రయోగశాలలో తేలిందట.

కిడ్నీలు తేరుకున్నాక బిళ్ళ కూడా చేరింది. ఇరవైయొక్క రోజులు వేసుకోవాలి, ఏడు రోజులు మానాలి. దీనితో వేళ్ళు మొద్దుబారడం తక్కువ. కాని తెల్లకణాలు పడిపోవచ్చు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. అందుకని ఆస్పిరిన్ ఇచ్చారు. పిక్క వాస్తే తెల్లవారేదాకా ఆగకుండా రమ్మన్నారు.

నాకు అసలు భయం వేరే. అక్కయ్య కోడలికి అప్పుడు ఆరో నెల. అత్తగారి మందులన్నీ ఆ పిల్లే తీసి ఇచ్చేది. గొట్టాన్ని విప్పకూడదు, చిట్లితే గర్భిణులు ముట్టకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆ రోజే బావగారు మందుల పెట్టెకు తాళం వేసి తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నారు.

ఖరీదు మాట. అమెరికాలో పేటెంటు మందు ఒక్కో గొట్టం వందల డాలర్లు పలికింది. 2022లో అక్కడ చౌకరకాలు అమ్మకానికి వచ్చినప్పుడు, వాటిలో మన హైదరాబాదు కంపెనీల సరుకూ వుంది. మేము వాడేదీ మనదేశపు సరుకే. అయినా నెలనెలా బావగారి పింఛనులో పెద్ద ముక్కే పోతోంది.

కోడలికి మగపిల్లవాడు పుట్టాడు. అక్కయ్య గోడ క్యాలెండరు మీద బిళ్ళ వేసుకున్న ప్రతిరోజూ కుంకుమ చుక్క పెడుతోంది. వేలు వణికి చుక్క పక్క గడిలోకి పోతే బావగారు సరిచేస్తున్నారు. ఇవాళ పదిహేడోది.