పొగాకు బ్యారన్ పొయ్యిలో కట్టె ఎప్పుడు వేయవలెను?

జంగారెడ్డిగూడెం, దేవరపల్లి, కందుకూరు ప్రాంతములలోని వర్జీనియా పొగాకు రైతులకు క్యూరింగు కొత్త కాదు. అయినను నెలల తరబడి పెంచిన ఆకు, ఒక్క రాత్రి పొయ్యివద్ద జరిగిన పొరపాటువలన రంగు చెడి, ధర కోల్పోవుచున్నది. కట్టె వేయు వేళను గుర్తింపకపోవుటయే తరచు ఆ పొరపాటు.

క్యూరింగునకు సాధారణముగా 5, 6 రోజులు పట్టును. ఆకు పసుపురంగు తిరుగుటకు 90 నుండి 100 డిగ్రీల ఫారన్‌హీటు వేడి చాలును. పిదప రంగు నిలుచుటకు 120 వరకు, ఆకు ఆరుటకు 140 వరకు, ఈనె ఆరుటకు 160 వరకు మెల్లమెల్లగా పెంచవలెను. మొదట తొందరపడి వేడి పెంచినచో ఆకులో పచ్చదనము నిలిచిపోవును. ఈనె ఆరు దశలో వేడి తగ్గినచో ఈనెలోని తేమ తిరిగి ఆకులోనికి ప్రాకి నల్లని చారలు పడును.

థర్మామీటరు దిగిన పిమ్మట కట్టె వేయుదమనుకొన్న ఆలస్యమే. కట్టె అంటుకొని, గొట్టములు కాగి, ఆ వేడి ఆకునకు చేరుటకు కొంత వ్యవధి పట్టును. ఈలోగా వేడి ఇంకను దిగును. కంగారుపడి పొయ్యి నిండ కట్టె కూరినచో, కొంతసేపటికి అది హద్దు దాటును. గొట్టములు మితిమీరి కాగినప్పుడు, వాటిపై రాలిన ఆకు అంటుకొని బ్యారనే కాలిపోవచ్చును.

కాబట్టి థర్మామీటరుతోపాటు పొయ్యిని కూడ చూడుడు. మంట తగ్గి, కట్టె విరిగి, ఎర్రని నిప్పులు పొయ్యి అడుగున ఇంకను పరచుకొని ఉన్నప్పుడే తరువాతి కట్టె వేయుడు. నిప్పులపై బూడిద కమ్ము వరకు ఆగరాదు. ఒక్కసారి ఎక్కువ వేయుటకంటె కొద్దికొద్దిగా, తరచుగా వేయుట మేలు. సరుగుడైనను, సుబాబులైనను బాగుగా ఎండినదై, ఇంచుమించు ఒకే లావున ఉండవలెను. పచ్చి కట్టె వేడిలో కొంత తన తేమను ఆర్చుకొనుటకే పోవును. గొట్టమునుండి నల్లని దట్టమైన పొగ చాలసేపు వచ్చుచున్నచో, కట్టె ఎక్కువైనదనియో, పచ్చిదనియో, గాలి చాలలేదనియో గ్రహింపవలెను.

థర్మామీటరును క్రింది వరుస ఆకు మట్టమున వ్రేలాడదీసి, కట్టె వేసిన ప్రతిసారి వేళను, వేడిని పలకపై వ్రాయుడు. రెండు బ్యారన్లు దిగునప్పటికి, మీ కట్టె మీ పొయ్యిలో ఎంతసేపు నిలుచునో మీకే తెలియును. రాత్రి కాపలాకు ఇద్దరిని వంతులవారీగా ఉంచుడు. వంతు మారునప్పుడు ఆ పలకను రెండవవానికి అప్పగించుట మరువకుడు.