గండికోటకు ఏ కెమెరా?

ప్రొద్దుటూరులో స్టూడియో నడుపుతూ పెళ్లిళ్లు తీస్తాను. వీలు దొరికితే గండికోటకు పోతాను. ఈమధ్య కెమెరా పట్టిన పిల్లోళ్లు అడిగే మాట ఒక్కటే: "అన్నా, మీడియం ఫార్మాట్ కొందామనుకుంటాండా, ఏది మంచిది?" నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "ఫొటో యాడ పెడతావు, ఎంత సైజు ప్రింటేస్తావు?"

ముందు ఆ పేరు సంగతి చెప్తాను. మనం వాడే ఫుల్ ఫ్రేమ్ కెమెరా సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. మీడియం ఫార్మాట్ అనే ఫుజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్, హాసెల్‌బ్లాడ్ ఎక్స్ వరసలో అది సుమారు 44×33. వైశాల్యం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఫేజ్ వన్ వాళ్లది 53×40 దాకా పోతుంది. బాడీకి రెండు లెన్సులు చేరిస్తే కొత్త కారు కొనేంత డబ్బు కావాల. అంత పెట్టేవాడికి ఆ సెన్సర్ దేనికి పనికొస్తుందో ముందే తెలిసుండాల.

లెక్క తేలికే. మామూలు 24 మెగాపిక్సెల్ ఫొటోలో పొడవుకు 6000 పిక్సెళ్లు ఉంటాయి. అంగుళానికి 300 చొప్పున వేస్తే 20 అంగుళాల ప్రింటు. 102 మెగాపిక్సెల్ జీఎఫ్ఎక్స్‌లో 11,648 పిక్సెళ్లు, అంటే దాదాపు 39 అంగుళాలు. 4కే టీవీ తెర మొత్తం చూపించేది 83 లక్షల పిక్సెళ్లే. ఫోన్లో, టీవీలో చూసే ఫొటోకి వంద మెగాపిక్సెళ్లతో పనిలేదు. హోటల్ లాబీలోనో మ్యూజియంలోనో గోడంత ప్రింటు పెట్టి, జనం దగ్గరకొచ్చి రాతి పగుళ్లు చూడాలంటే మాత్రం పని ఉంది.

నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్ స్టూడియో నడిపిన కాలంలో ఇంత ఆలోచన అక్కర్లేదు. అప్పట్లో చాలా ప్రింట్లు గాజు నెగెటివ్ పలకను కాగితానికి ఆనించి తీసేవాళ్లు. ఎంత ప్రింటు కావాలంటే అంత పలక, దానికి తగిన కెమెరా. ప్రింటే కెమెరాను ఎంచేది. ఆ క్రమాన్నే మనం తలకిందులు చేసినాం.

ఇక గండికోట లోయ దగ్గరికి రండి. ఎర్రరాయి కాళ్లముందే ఉంటుంది, ఎదుటి కొండగోడ ఎంతో దూరం, పెన్నా నది ఎక్కడో అడుగున. అన్నీ స్పష్టంగా రావాల. ఇక్కడ పెద్ద సెన్సర్ కొంచెం ఇబ్బంది పెడుతుంది. ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్/8 ఇచ్చే లోతు కోసం ఇందులో ఎఫ్/10 దాకా మూయాల. దాని బలం వేరే చోట ఉంది. పొద్దు పొడిచేటప్పుడు ఆకాశం వెలిగిపోతూ లోయ నల్లగా ఉంటే, ఆ నీడల్లో వివరం బాగా మిగులుతుంది. అయితే కొండ కదలదు కదా! 45 మెగాపిక్సెల్ కెమెరాను నిలువుగా తిప్పి, మూడో వంతు కలిసేలా మూడు షాట్లు తీసి అతికిస్తే వంద మెగాపిక్సెళ్లు దాటుతుంది. గట్టి ట్రైపాడ్, ఓపిక ఉంటే చాలు. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి స్టాండు వేసే ముందు అనుమతి సంగతి కనుక్కోండి.

కోటలోని మాధవరాయ స్వామి గుడిది ఇంకో సమస్య. గోపురం కోసం కెమెరాను పైకెత్తితే అది వెనక్కి వాలినట్టు పడుతుంది. కంప్యూటర్లో సరిచేస్తే అంచులు తెగిపోతాయి. దీనికి కావాల్సింది షిఫ్ట్ లెన్స్: కెమెరా నిటారుగానే ఉంటుంది, లెన్సు పైకి జరుగుతుంది. కెనాన్ 17, 24, నికాన్ 19 మిల్లీమీటర్ల షిఫ్ట్ లెన్సులు ఫుల్ ఫ్రేమ్‌కే ఉన్నాయి. ఫుజీ 2023లో జీఎఫ్ఎక్స్ కోసం తన 30 తెచ్చింది. గుళ్లు, కోటలు తీయడమే పనిగా పెట్టుకున్నవాళ్లు బాడీ మార్చే ముందు ఈ లెన్స్ కొనాలని నా గట్టి అభిప్రాయం.

ప్రీవెడ్డింగ్ షూట్లకు గండికోట వచ్చేవాళ్లకు ఒక మాట. ఎండలో ఫ్లాష్ వేయాలంటే షట్టర్ వేగం ముఖ్యం. జీఎఫ్ఎక్స్ 100లో ఫ్లాష్ సింక్, అంటే ఫ్లాష్‌తో కలిసే గరిష్ఠ షట్టర్ వేగం, సెకనులో 125వ వంతే. హాసెల్‌బ్లాడ్ లెన్సుల్లోనే షట్టర్ ఉంటుంది కాబట్టి 2000వ వంతు దాకా పోవచ్చు. రెండూ మీడియం ఫార్మాటే, పనిలో మాత్రం పొంతన లేదు. పెళ్లి మండపంలో పరుగులు తీసే పనికి రెండూ నేను సూచించను.

ఖర్చు బాడీతో ఆగదు. ఒక్కో రా ఫైలు వంద ఎంబీ దాటొచ్చు, కార్డులు, డిస్కులు, కంప్యూటర్ అన్నీ పెంచుకోవాల. మన కరువుసీమ దుమ్ములో లెన్సు మార్చడం సెన్సరుకు మంచిది కాదు. సర్వీసు ఎక్కడ, ఎన్ని రోజులు, ఇన్సూరెన్స్ ఎంత అని కొట్టువాడిని ముందే అడగండి.

హైదరాబాద్‌లో, బెంగళూరులో ఇవి అద్దెకు దొరుకుతాయి. కొనేలోపు ఒకసారి తెచ్చుకొని, మీ పాత కెమెరాతోను దానితోను ఒకే చోట నిలబడి లోయను తీయండి. మీరు అమ్మబోయే సైజులో రెండూ ప్రింటు వేయించి గోడకు పెట్టి, ఏది దేనిదో చెప్పకుండా కొనేవాళ్లకు చూపించండి. వాళ్లు తేడా పట్టుకుంటేనే డబ్బు కట్టండి.