తార్నాక ఎండలో చేతక్‌ ఎంత మోస్తుంది?

మే నెల మధ్యాహ్నం ఉస్మానియా ఆర్ట్స్‌ కాలేజీ ముందున్న ఖాళీ జాగాలో ఒక చేతక్‌ హెలికాప్టర్‌ దిగిందనుకుందాం. తార్నాక చుట్టుపక్కల నేల సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తు. ఎండ 40 డిగ్రీలుంటే గాలి బాగా పలచబడుతుంది. సముద్రతీరంలోని ప్రామాణిక సాంద్రత కంటే సుమారు 14 శాతం తగ్గుతుంది. అంటే హెలికాప్టర్‌ రెక్కల వరకు తార్నాక 1,500 మీటర్ల కొండ కిందే లెక్క. గాలిని కిందికి తోసి పైకి లేచే యంత్రానికి ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు బరువు చూద్దాం. ఖాళీ చేతక్‌ సుమారు 1,140 కిలోలు, గాల్లోకి లేవడానికి గరిష్ఠ పరిమితి 2,200. మధ్యలో మిగిలేది 1,060 కిలోలు. ట్యాంకు నిండా ఇంధనం పోస్తే 450 పోయినట్టే. పైలట్‌తో కలిపి ఏడుగురు పడతారు, మనిషికి 80 చొప్పున 560. ఇక చేతిసంచులకు మిగిలేది 50 కిలోలే. రోగిని స్ట్రెచర్‌ మీద తేవాలంటే ఎవర్ని దింపాలో, ఎంత ఇంధనం తగ్గించాలో పైలట్‌ లేచేముందే తేల్చుకోవాలి.

ఇంత చిన్న యంత్రం అరవై ఏళ్లు ఎలా నిలిచింది? జవాబు ఇంజిన్లో ఉంది. ఆర్టూస్ట్‌ ఇంజిన్‌ 870 హార్స్‌పవర్‌ ఇవ్వగలదు, వాడుకునేది మాత్రం 570. ఎండలోనో ఎత్తులోనో ఇంజిన్‌ బలం తగ్గినా, కావలసిన 570 చాలాదూరం వరకు చేతిలోనే ఉంటుంది. రెక్కలు పలచని గాలితో పడే తిప్పలు ఎటూ తప్పవు, కానీ ఇంజిన్‌ వైపు నుంచి మిగులుంది. నా దృష్టిలో ఈ హెలికాప్టర్‌ చరిత్రంతా ఆ 300 హార్స్‌పవర్ల మిగులు మీదే నడిచింది.

ఫ్రాన్స్‌లో అల్వెట్‌-3 పేరుతో ఇది మొదట ఎగిరింది 1959లో. 1962లో మన వైమానిక దళానికి వచ్చింది, 1965లో హిందుస్థాన్‌ ఏరోనాటిక్స్‌ (హెచ్‌ఏఎల్‌) కూర్చిన తొలి యంత్రం ఎగిరింది, ఆపై బెంగళూరులో 300కు పైగా తయారయ్యాయి. 1971లో దిమాపూర్‌లో కట్టిన బంగ్లాదేశ్‌ వైమానిక దళం ‘కిలో ఫ్లైట్‌’ దగ్గర ఉన్నవి మూడే విమానాలు: ఒక డకోటా, ఒక ఆటర్‌, ఒక అల్వెట్‌. రాకెట్లు బిగించుకున్న ఆ అల్వెట్‌ డిసెంబరు 3 రాత్రి నారాయణ్‌గంజ్‌ చమురు డిపో మీద దాడి చేసింది. మోతపని చేసే హెలికాప్టర్‌ భారత్‌-పాక్‌ యుద్ధం తొలిరోజునే ఆయుధమైంది.

హిమాలయాల కోసం దీని తోబుట్టువు చీతా వచ్చింది. అల్వెట్‌-3 ఇంజిన్‌ను తేలికైన అల్వెట్‌-2 ఒంటికి బిగించారు. ఆ నమూనా మీదే 1972లో ఫ్రెంచ్‌ పైలట్‌ జాన్‌ బూలే 12,442 మీటర్లకు ఎక్కాడు. పైన ఇంజిన్‌ ఆగిపోయింది, రెక్కల తిరుగుడు మీదే కిందికి దిగాడు. సియాచిన్‌లో 6,000 మీటర్ల దగ్గర గాలి సాంద్రత తీరంలో ఉన్నదానిలో 54 శాతమే. అక్కడి చౌకీకి కొద్ది పదుల కిలోల కిరోసిన్‌ చేర్చినా అది పెద్ద మోతే. 1984 ఏప్రిల్‌ 13న బిలాఫాండ్‌ లా కనుమ దగ్గర మన సైనికుల్ని దింపింది చీతాలే.

మనకు దగ్గరి లెక్క హకీంపేటలో ఉంది. వైమానిక దళ హెలికాప్టర్‌ శిక్షణ పాఠశాల అక్కడే. దుండిగల్‌లో విమానం మీద ఓనమాలు దిద్దుకున్నాక హెలికాప్టర్లకు ఎంపికైన కేడెట్లు అక్కడ చేతక్‌ ఎక్కుతారు. 2022 ఏప్రిల్‌ 2న చేతక్‌ అరవై ఏళ్ల సభ జరిగింది కూడా హకీంపేటలోనే, రక్షణమంత్రి రాజ్‌నాథ్‌ సింగ్‌ వచ్చారు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు తాతల కాలంనాటి రూపకల్పన మీద నేర్చుకుంటున్నారు. పునాదికి అది మంచిదే కావచ్చు. కానీ పాత యంత్రాలను కొండల్లో ఇంకా నడిపించడం పైలట్ల ప్రాణాలతో ముడిపడిన సంగతి, దాన్ని సహించకూడదు.

కొత్తవి కొనే ప్రయత్నం 2007లో ఒకసారి, 2014లో మరోసారి రద్దయింది. రెండోసారి అడిగినవి 197. హెచ్‌ఏఎల్‌ సొంత తేలికపాటి హెలికాప్టర్‌ 2016 సెప్టెంబరు 6న ఎగిరింది. కావలసినవి సైన్యానికి 126, వైమానిక దళానికి 61, కలిపి 187. 2023లో ప్రారంభించిన తుమకూరు కర్మాగారానికి మొదటి లక్ష్యం ఏడాదికి 30. అంతా సవ్యంగా సాగినా 187 పూర్తవడానికి ఆరేళ్లు దాటుతుంది.